పక్కింటి మిద్దె మీద మా గొడుగు

పాత పద్ధతి టీవీ ప్రసారాలు ఆగిపోతాయని తెర అడుగున నెలల తరబడి అక్షరాలు పాకుతూనే ఉన్నాయి. ఇకమీదట ప్రతి ఇంటికీ డిజిటల్ బాక్సు ఉండాలి, మీ కేబుల్ ఆపరేటరును సంప్రదించండి అని వాటి సారాంశం. నేను సంప్రదించలేదు. ఎవరినైనా సంప్రదించే అలవాటు మా ఇంట్లో లేదు. అవసరమున్నవాళ్ళే వచ్చేవారు. ధర్మవరం పట్టుచీరల మూటలు మా వసారాలోకి వచ్చి విప్పుకునేవి. బెల్లం దిమ్మెలు, కంసాలి త్రాసు, వైద్యుడి పెట్టె, అన్నీ గడప దగ్గరికే నడిచి వచ్చేవి. మా తాత అంగట్లో నిలబడి ఒక వస్తువు ధర అడగడం చూసినవాళ్ళు లేరు. వాళ్ళందరినీ అలా రప్పించిన భూములు ఇప్పుడు లేవు. కరువు వచ్చినప్పుడల్లా ఒక్కో చేను చేయి దాటిపోయింది. అలవాటును మాత్రం ఎవరూ కొనలేదు కాబట్టి అది నాకు మిగిలింది.

కేబులాయన కూడా తనంతట తనే వస్తాడనుకున్నాను. అలా అనుకోవడానికి కారణం ఉంది. ఊళ్ళోకి వచ్చే అతని పెద్ద వైరు మా మిద్దె మీదుగానే పోతుంది. ఊరి మొదటి టీవీని మా నాయన తెచ్చినప్పుడు ఏంటెనా కోసం మిద్దె మీద ఒక ఇనుప స్తంభం నిలబెట్టించాడు. ఏంటెనా ఎప్పుడో ఊడిపోయింది. స్తంభానికి కేబులాయన తన వైరు కట్టుకున్నాడు. అందుకు బదులుగా మా దగ్గర నెల డబ్బులు తీసుకునేవాడు కాదు. పైగా, ఊళ్ళో ఇంకెవరూ అడగని ఒక కన్నడ చానల్‌ను మా కోసం వదిలేవాడు. మా కోసమంటే, నా భార్య కోసం.

ఆమెది కర్ణాటక వైపు పావగడ దగ్గర పల్లె. పెళ్ళయి వచ్చేనాటికి తెలుగు సగమే వచ్చు. ఇంట్లో రెండు భాషలు మోగడం మా అమ్మకు గిట్టేది కాదు. కొన్నాళ్ళకే ఆమె నోట కన్నడం ఆగిపోయింది. ఇప్పుడు ఆమె తెలుగు మా ఊరివాళ్ళ తెలుగుకంటే మోటుగా ఉంటుంది. పుట్టింట్లో పెద్దవాళ్ళు పోయాక అటు రాకపోకలు కూడా తగ్గాయి. రోజంతటిలో ఆమె చెవిన కన్నడం పడేది సాయంత్రం ఆ చానల్లో వచ్చే ఒక సీరియల్ సమయంలోనే. ఆ అత్తాకోడళ్ళ గొడవ తెలుగు చానళ్ళలోనూ ఉంది కదా అని ఒకసారి అన్నాను.

“కతదేముంది, యాడ జూసినా అదే కత. మాట ఇనొచ్చని కూర్చుంటా,” అంది.

ఆ తర్వాత నేను ఆ సంగతి ఎత్తలేదు.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ టీవీ పెడితే తెర నిండా చుక్కలు, జోరున వాన కురుస్తున్న శబ్దం. మా వైపు వాన శబ్దం వినాలంటే టీవీ చెడిపోవాల్సిందే. నా భార్య చానళ్ళు మార్చి చూసింది. అన్నింటా అదే వాన. రిమోట్ పక్కన పెట్టి, కొంగుతో తెర మీద దుమ్ము తుడిచింది. తుడిచాక కూడా కాసేపు అక్కడే కూర్చుంది.

“రేపు కేబులాయన వస్తాడులే,” అన్నాను.

రేపు రాలేదు, ఎల్లుండీ రాలేదు. ఆమె సాయంత్రమయ్యేసరికి చేట ముందేసుకుని శనక్కాయలు వలిచేది. విత్తనానికి వలవాల్సిన కాయలు అంత లేవు. వలిచినవాటినే మళ్ళీ ఏరేది. అది చూడలేక నేనే బస్సెక్కాను.

కేబులాయన ఆఫీసు కళ్యాణదుర్గంలో ఒక సందులో ఉంది. నేను వెళ్ళేసరికి నాలుగైదు పల్లెల జనం గది నిండా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో అట్టపెట్టెలు. అతను ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవకుండానే నన్ను చూసి, “రాన్నా, కూర్చో,” అన్నాడు. చూపించిన కుర్చీకి ఒక చెయ్యి విరిగి ఉంది. నేను నిలబడే మాట్లాడాను.

“మా ఇంట్లో టీవీ రాల్యా.”

“ఊరంతా రాదన్నా. బాక్సు పెట్టుకుంటేనే వస్తాది. ఇదో, ఒగటి తీస్కపో.”

“అందులో ఆ చానల్ వస్తాదా?”

“ఏ చానలు?”

అతనికి తెలుసు. గదిలో అంతమంది ముందు నాతో చెప్పించాలనే అడిగాడని అప్పుడు నాకనిపించింది. ఇప్పటికీ అదే అనిపిస్తుంది. జవాబు కూడా అతనే చెప్పాడు.

“కన్నడమా? అది పోయిందన్నా. అప్పుడంటే నా చేతిలో పని, నాకు తోచింది వదుల్తాంటి. ఇప్పుడంతా పైనించే వస్తాది. ఏమి రావాలో వాళ్ళే రాసి పంపిస్తారు. మీ ఒక్క ఇంటికోసరం నేను కన్నడం యాడ తెచ్చేది?”

“మా స్తంభం మీద నీ వైరుండాది.”

“ఉండాదన్నా, కాదనల్యా. వద్దంటే చెప్పు, కొత్త పోలు ఏపిస్తా.”

జనంలోంచి ఎవరో నవ్వారు. కేబులాయన నవ్వలేదు కానీ, ఆ నవ్వును ఆపలేదు. నేను ఇంక అక్కడ నిలబడలేదు. కన్నడం కావాలంటే ఏదైనా డిష్ కంపెనీ గొడుగు పెట్టుకోవాలని వెనకనుంచి అతను సలహా మాత్రం పారేశాడు. ఊళ్ళలో ఆ డిష్‌లను గొడుగులనే అంటారు.

బస్టాండు వెనక టీవీలు అమ్మే అంగడి ఒకటుంది. అందులోకి వెళ్ళాను. అద్దాల వెనక అన్ని టీవీల్లోనూ ఒకే వంటావిడ ఒకే ఉల్లిగడ్డ కోస్తోంది. అంగడాయన మాట మంచివాడు. ఊరు అడిగాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

“ఇంట్లో ఏం జూస్తారన్నా ఎక్కువ? న్యూసా, సినిమాలా, కిరికెట్టా?”

ఇక్కడ నేను చెప్పాల్సింది ఒక్క మాటే. మా ఇంటి ఆడవాళ్ళకు ఏది ఇష్టమో, ఏది కావాలో, బజారులో పరాయి మగవాడికి చెప్పడం మా ఇంటావంటా లేదు. చీరలు తెచ్చినవాడు కూడా మూట విప్పి దూరంగా జరిగి కూర్చునేవాడు తప్ప, అమ్మగారికి ఏ రంగు ఇష్టమని అడిగేవాడు కాదు. అందువల్ల మా తాత చెప్పే మాటే నేనూ చెప్పాను.

“ఉన్నదాంట్లో మంచిది ఇయ్యి.”

“మంచిదంటే పెద్ద ప్యాకన్నా. అన్నీ వస్తాయి.”

అన్నీ అన్నాడు కదా, ఇంక అడిగేదేముంది? ధర కూడా అడగకుండా అతను చెప్పినంత ఇచ్చాను. పెట్టె, గొడుగు, చుట్టగా చుట్టిన నల్ల వైరు చేతికి వచ్చాయి. ఫిట్టింగ్ మనిషిని ఇంటికే పంపిస్తానన్నాడు. ఇంటికే అన్న మాట వినడానికి బాగుంది.

బస్సు నిండా అలాంటి పెట్టెలే. టాపు మీద శనగచెక్క మూటల మధ్య గొడుగులు. కూర్చోవడానికి చోటు దొరకలేదు. పెట్టెను రొమ్ముకు ఆనించుకుని నిలబడ్డాను. మా ఊరి ముసలామె ఒకామె, ఒళ్ళో గంప పెట్టుకుని కూర్చున్నది, పైకి చూసి అడిగింది.

“ఏమప్పా, నువ్వూ డబ్బాకి వస్తివా? మీ ఇంటికి అన్నీ నడిచొస్తాయంటారే?”

“ఇది నడవల్యా.”

“మోసేవాడు గూడా రాల్యా?” అంది.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. విత్తనం పడని చేలు, వాటి అవతల కొండల మీద వరసగా గాలిమరలు. వాటికి ఎంత గాలి దొరికినా, మాకు ఒక మేఘం దొరకదు.

ఫిట్టింగ్ మనిషి చెప్పిన రోజు రాలేదు. వచ్చిన రోజు హడావుడిగా వచ్చాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఇంకో ఊరివాళ్ళకు దారి చెబుతూనే మిద్దె ఎక్కాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఫోన్ పెట్టేశాడు.

“అన్నా, ఇది మట్టి మిద్ది.”

“అవును.”

“బోల్టు యాడ కొట్టేది?”

మాది దూలాల మీద బండలు పరిచి, వాటి మీద చవుడు మట్టి దట్టించిన పాత మిద్దె. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. ఊళ్ళో అందరికంటే పెద్దది. పిట్టగోడ అంచులు ఏటేటా కొంత రాలుతున్నా, నిలబడి ఉంది. ఇందులో ఒక బోల్టు దిగదని, దిగినా నిలవదని నాకు ఎవరూ చెప్పలేదు. మా పొలాల్లో కూలికి వచ్చినవాళ్ళందరికీ ఇప్పుడు సిమెంటు స్లాబులున్నాయి. గొడుగు స్లాబు మీదే నిలబడుతుందట.

“గోడకు కొట్టు,” అన్నాను.

“కొట్టొచ్చన్నా. రాయి ఊడి కింద ఎవరి నెత్తినన్నా పడితే నా మింద పెట్టద్దు.”

సరే, ముందు పెట్టె పనిచేస్తుందో లేదో చూద్దామని, గొడుగును చేతులతో పట్టుకుని ఆకాశం వైపు తిప్పాడు. కింద టీవీలో బొమ్మ వచ్చింది. నిజం చెప్పాలంటే అంత స్పష్టమైన బొమ్మను మా టీవీ ఎప్పుడూ చూపించలేదు. నా భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. నేను రిమోట్ నొక్కుతూ పోయాను. తెలుగు వార్తలు, తెలుగు సినిమాలు, తెలుగు వంటలు, హిందీ, ఇంగ్లీషు, పచ్చిక మీద క్రికెట్, పచ్చిక మీద ఇంకో క్రికెట్, ఎవరో గుర్రాల మీద పరిగెత్తే చానల్ ఒకటి. చివరిదాకా పోయి మళ్ళీ మొదటికి వచ్చాను.

“ల్యా కద,” అంది ఆమె, మెల్లగా. తిరిగి వంటింట్లోకి వెళ్ళింది.

ఫిట్టింగ్ మనిషి గొడుగు దించి గోడకు ఆనించాడు. “కన్నడం ఈ ప్యాకులో ఉండదన్నా. అంగట్లోనే చెప్పాల్సింది. ఇంగ గొడుగు సంగతి. పక్కన స్లాబుండాదే, ఆడ పెడితే పది నిమిషాల పని,” అంటూ గడ్డంతో పక్కింటి వైపు చూపించాడు.

ఆ స్లాబు గురించి చెప్పాలి. పక్కింటాయన తండ్రి మా సేద్యగాడు. మా ఎద్దులు తోలాడు, మా బావి దగ్గర మోట కొట్టాడు. ఇప్పుడు ఆ ఇల్లున్న చోట అప్పట్లో మా గడ్డివాములుండేవి. అతను ముసలివాడయ్యాక మా నాయన ఆ జాగా కొలిచి ఇచ్చాడు. కొడుకు బెంగుళూరులో బేల్దారి పనికి పోయి, గోడలు కట్టి కట్టి, చివరకు తన గోడలూ కట్టుకున్నాడు. రెండంతస్తులు, పైన నీళ్ళ ట్యాంకు, ముందు పాలిష్ పట్టిన తాడిపత్రి బండలు. పొద్దున ఆ ఇంటి నీడ మా వాకిట్లో పడుతుంది.

“ఆడ వద్దులే,” అన్నాను.

“మీ ఇష్టమన్నా. జాగా చూసుకొని ఫోన్ చేయండి,” అని బండెక్కాడు.

మరుసటి రోజు మళ్ళీ కళ్యాణదుర్గం. అంగడాయన ఈసారి మంచినీళ్ళు తెప్పించలేదు. నా ముందు ఇద్దరు గిరాకీలున్నారు. వాళ్ళు పోతారని నిలబడ్డాను. పోలేదు. చివరకు వాళ్ళ ముందరే చెప్పాల్సి వచ్చింది.

“అందులో కన్నడం రాల్యా.”

“కన్నడం గావాలని చెప్పల్యా కదన్నా?”

“అన్నీ వస్తాయంటివి.”

“అన్నీ అంటే తెలుగోళ్ళు చూసేవి అన్నీ. నేనడిగితిని కద, ఏం జూస్తారని. మంచిది ఇయ్యి అంటిరి. మంచిదే ఇస్తిని. ఎవురికి మంచిదో మీరు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తాదన్నా?” అని, గిరాకీల వైపు తిరిగి, “గుర్రాల చానలు గూడా ఇచ్చినా,” అన్నాడు.

“ఆయప్పకు గుర్రాలు ఉండింటాయిలే,” అన్నాడొకడు.

ఉండేవి. రెండు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అంగడాయన ఎవరికో ఫోన్ చేసి నాలుగు ముక్కలు మాట్లాడాడు. ప్యాకు మారిపోయింది. ఇంతేనా అని నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాట కోసం రెండు బస్సులు, ఇంతమంది నవ్వులు.

ఇక మిగిలింది గొడుగు. పక్కింటికి పోకుండా పని జరగాలంటే మార్గం ఒక్కటే కనిపించింది, నాయన నిలబెట్టిన స్తంభం. కట్టు తీగ, కటింగ్ ప్లేయరు పట్టుకుని నేనే మిద్దెక్కాను. మా మిద్దెకు నడుమ ఒక గవాచి ఉంది, లోపలికి వెలుతురు పడటానికి పాతకాలంలో పెట్టిన గుండ్రటి కంత. దాని కింద టీవీ ముందు నా భార్య నిలబడి పైకి చూస్తూ చెప్పాలి. నేను గొడుగు తిప్పాలి. ఒప్పందం అది.

ఆషాఢం గాలి మొదలయింది. పంచె ఒకవైపు లాగుతోంది, గొడుగు ఒకవైపు లాగుతోంది.

“వచ్చెనా?”

“ల్యా.”

“ఇప్పుడు?”

“గీతలు వస్తాండాయి.”

వీధిలో పోయేవాళ్ళు ఆగడం మొదలుపెట్టారు. ఒకడు కుడికి తిప్పమన్నాడు, ఒకడు పైకెత్తమన్నాడు. పెద్దింటాయన పిట్టలు తోలుతున్నాడా అని ఇంకొకడు అడిగాడు. నేను గొడుగును వేలెడంత పక్కకు జరిపాను.

గవాచిలోంచి పెద్ద కేక వచ్చింది. “బంతు! బంతు!”

వచ్చింది అని. కన్నడంలో. ఆమె గొంతు అంత పైకి లేవడం నేను విని ఎన్నేళ్ళయిందో. వంగి చూశాను. తెర మీద ఎవరో మాట్లాడుతున్నారు, ఆమె రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. గొడుగును ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తీగ బిగించాను. పట్టు వదిలాను. నిలిచింది. దిగి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేసరికి ఒక గాలి తెర లేచింది.

“హోయ్తు,” అంది ఆమె. పోయింది అని.

నేను మళ్ళీ ఎక్కాను. మళ్ళీ వచ్చింది. దిగితే మళ్ళీ పోయింది. మూడోసారి ఎక్కేటప్పుడు మా అమ్మ కాలంనాటి పాత నిచ్చెన మెట్టొకటి విరిగి మోకాలు చెక్కుకుపోయింది. ఆ రాత్రి గాలికి స్తంభమే వంగింది. కేబులాయన వైరుతో సహా. తెల్లారి చూస్తే గొడుగు పిట్టగోడ వారన బోర్లాపడి ఉంది, దాని కింద మా కోడి దూరి కూర్చుంది.

ఆ సాయంత్రం నేను వసారాలో ఉన్నాను. నా భార్య మొహం కడుక్కుని, తల దువ్వుకుని, చీర మార్చుకుని వచ్చింది.

“ఇదో, పక్కింటికి పోయొస్తా.”

“ఎందుకు?”

“వాళ్ళ కొత్త కోడలు పావగడ పక్కదేనంట. వాళ్ళ గొడుగులో కన్నడం వస్తాదంట. పొద్దున నీళ్ళకాడ చెప్పింది, రమ్మనింది.”

“అడిగించుకొని పోతావా? గొడుగు సంగతి నేను చూస్తాండా కద.”

“మీరు చూడండి. అందాక నేను సీరియల్ చూస్తా,” అంది. వెళ్ళింది.

మా ఇంటి ఆడవాళ్ళు ఆ గడప తొక్కలేదు. వాళ్ళే మా వాకిట్లోకి వచ్చేవారు. నాయన టీవీ తెచ్చిన కొత్తలో, ఆదివారం పొద్దున దాన్ని వసారాలోకి తిప్పి పెట్టేవారు. ఊరంతా వాకిట్లో కింద కూర్చుని చూసేది. మేము మాత్రం వసారాలో కుర్చీల్లో. ఇప్పుడు మా ఇంటి ఆమె సాయంత్రమయ్యేసరికి మొహం కడుక్కుని అటు పోతోంది. మర్నాడు పోయింది, ఆ మర్నాడూ పోయింది. వాళ్ళ కిటికీలోంచి కన్నడం మాటలు, మధ్యలో ఆమె నవ్వు వినిపించేవి.  మా గొడుగు ఎక్కడో ఒకచోట మొలిస్తే తప్ప ఈ రాకపోకలు ఆగవని అర్థమైంది. అది మొలవాలంటే పక్కింటి స్లాబు తప్ప దారి లేదని కూడా అర్థమైంది. ఆమె అక్కడికి పోకుండా ఉండాలంటే నేను అక్కడికి పోవాలి. ఎటు తిప్పి చూసినా అంతే.

వెళ్ళాను. ఆమెను పిలుచుకొచ్చే నెపంతో వాకిలి బయట నిలబడ్డాను. పక్కింటాయన చూసి లేచి వచ్చాడు, ఒక కుర్చీ తెచ్చి టీవీకి ఎదురుగా వేశాడు. అందరూ కింద చాప మీద ఉన్నారు. అతని తల్లి, కోడలు, వాళ్ళ నడుమ నా భార్య. నన్ను చూసి కొంగు సర్దుకుంది కానీ, తెర మీదనుంచి చూపు తిప్పలేదు. నేను కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను.

అతని తల్లి నా వైపు తల తిప్పింది. “మీ వసారాకాడ మేమంతా ఇట్లే కింద కూర్చొని చూస్తాంటిమి, జ్ఞాపకముందా నాయనా? మీయమ్మ మెట్టు ఎక్కనిస్తాండల్యా.”

“మా, ఊరుకో,” అన్నాడు కొడుకు.

“ఊరికే అంటాండా. కుర్చీ ఏసినావు కద ఆయప్పకి,” అంది ఆమె.

సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చాయి. అందరూ నా వైపు చూశారు. నేను ఎందుకొచ్చానో పక్కింటాయనకు తెలుసు. మిద్దె మీద నేను పడిన పాట్లు ఊరంతా చూసింది, అతనూ చూసే ఉంటాడు. పెట్టుకోండని తనే అనొచ్చు. అనలేదు. చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. అతని తండ్రి మా వాకిట్లో అలాగే నిలబడేవాడు. తేడా ఏమిటంటే, అప్పుడు అడగాల్సినవాడు నిలబడేవాడు.

“మీ మిద్దె మీద కొంచెం జాగా గావల్లప్పా,” అన్నాను.

“ఎంత గావాలన్నా?”

“గొడుగుకు.”

“అదే, ఎంత అని. మీ నాయన మాకు ఈ జాగా ఇచ్చినప్పుడు గూటాలు పాతి, తాడు పట్టి కొలిచినాడంట. తాడు తెమ్మంటారా?” అన్నాడు, మొహంలో నవ్వు లేకుండా.

చాప మీద ఆడవాళ్ళు నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుని, తర్వాత అదీ తీసేసి. అప్పుడు అతనూ నవ్వాడు.

“పెట్టుకోన్నా. ట్యాంకు పక్కన పెట్టుకో, గాలి తగలదు. నా స్లాబు పటిష్టం. నేను పోసిందే.”

ఫిట్టింగ్ మనిషి వచ్చాడు. అతను చెప్పినట్టే పది నిమిషాల పని. నల్ల వైరు పక్కింటి ట్యాంకు దగ్గర మొదలై, సందు దాటి, మా పిట్టగోడ మీదుగా గవాచిలోంచి కిందికి దిగింది. బట్టలారేసే తాడులా ఎవరికైనా కనబడుతుంది. పోనీలే అనుకున్నాను. ఆ సాయంత్రం టీవీ పెట్టగానే కన్నడం వచ్చింది, గీత లేదు, చుక్క లేదు. నా భార్య దాని ముందు కూర్చుంది. మొత్తం చూసింది. మధ్యలో ఒకసారి, ఆ అత్త చేసింది తప్పు కాదా అని నన్ను అడిగింది. ఊఁ అన్నాను.

మర్నాడు సాయంత్రం మళ్ళీ మొహం కడుక్కుని, చీర మార్చుకుని వచ్చింది.

“యాడికి? ఈడ వస్తాండాది కద.”

“వస్తాండాది.”

“మరి? దుడ్లు పోసి, ఊరంతా తిరిగి, మోకాలు పగలగొట్టుకొని, నేను పోయి అడిగి తెస్తినే.”

ఆమె గడప దగ్గర ఆగింది. కోపంగా లేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

“టీవీ మాట్లాడతాది. నేను మాట్లాడితే అది ఇంటాదా? ఆ పిల్లతో రెండు మాటలు మాట్లాడుకుంటా చూస్తా. ఇన్నాళ్ళకు మాట్లాడుతాంటే నాకే మాటలు తడుముకోవాల్సొస్తాండాది.” ఆ మాట అని, చెప్పులేసుకుని సందు దాటింది.

నాకు కన్నడం రాదని కాదు. మా వైపు ఎవరికి రాదు? పావగడ బంధువులు వస్తే అర్థమవుతూనే ఉంటుంది. ఇంట్లో అవసరం పడలేదు, అంతే.

ఆ మాట అప్పుడు చెప్పడానికి ఆమె లేదు. వచ్చాక చెప్పాలనుకున్నాను, ఏ భాషలో మొదలుపెట్టాలో తేలక ఊరుకున్నాను.

ఇప్పుడు సాయంత్రం పూట ఆ పెట్టె నేనే పెడుతున్నాను. నెల నెలా రీచార్జి చేయిస్తున్నాక ఖాళీగా ఎందుకుండాలి? ఇంకో చిరాకు కూడా ఉంది. వాళ్ళది ఒక కంపెనీ, మాది ఇంకో కంపెనీ. అదే సీరియల్, అదే మాట ముందు వాళ్ళ కిటికీలోంచి వినబడుతుంది, రెప్పపాటు తర్వాత మా ఇంట్లో. అక్కడ ఆడవాళ్ళు నవ్వాక ఇక్కడ నవ్వే మాట వస్తుంది. అంగడాయనకు ఫోన్ చేసి అడిగితే, “అది అంతేనన్నా, ఒగోదానికి ఒగోరకం. మీకు మంచిదే ఇచ్చినా,” అన్నాడు.

అప్పుడు బస్సులో నన్ను దెప్పిన ముసలామె మొన్న వీధిలో పోతూ, తీసి ఉన్న తలుపులోంచి తొంగి చూసింది.

“ఏమప్పా, ఒగనివే కన్నడం సీరియల్ చూస్తాండావే?”

“బాక్సు సరిగ్గా పని చేస్తాండాదా ల్యాదా అని చూస్తాండా.”

“చేస్తాండాదా?”

పక్కింట్లో నా భార్య కన్నడంలో గలగలా ఏదో చెబుతోంది. ఆ మాటల్లో నాకు సగం అర్థమైంది. కాస్త ఆగమన్నట్టు ముసలామెకు చెయ్యి చూపించి, టీవీ గొంతు తగ్గించాను.